రాకెట్ అమ్మాయిది, టీ షర్టు అసోసియేషన్‌ది: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ హైదరాబాద్‌లో ఒక అకాడమీలో షటిల్ నేర్చుకుంటోంది. ఈ మధ్య ఒక రాకెట్ల కంపెనీ మూడేళ్ల అగ్రిమెంటు పంపింది. ఏడాదికి ఆరు రాకెట్లు, నాలుగు జతల బూట్లు, బట్టలు, కొంత డబ్బు ఇస్తామన్నారు. ‘అన్ని పోటీల్లోనూ మా బ్రాండు మాత్రమే వాడాలి’ అని అందులో ఉంది. పోయిన నెల రాష్ట్ర జట్టుతో వెళ్తే, అసోసియేషన్ వాళ్లు వేరే కంపెనీ టీ షర్టు ఇచ్చి, పాప బ్యాగు మీదున్న లోగో మీద టేపు వేయించారు. ఆ రాత్రి ఫోన్లో ఏడ్చింది, తప్పు చేసినదానిలా నిలబెట్టారని. అలా ఆపే హక్కు వాళ్లకుందా? మేం సంతకం చేయొచ్చా? ఇదంతా చూశాక తను లా చదువుతానంటోంది. ఆటతో పాటు అది కుదురుతుందా?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: ఆపే హక్కు వాళ్లకుందమ్మా. మీరు సంతకం చేయొచ్చు కూడా. కానీ మీకు వచ్చిన కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా మాత్రం చేయొద్దు. ఆ ‘అన్ని పోటీల్లోనూ’ అన్న రెండు మాటలే మీ పాప ముందరి కాళ్లకు బంధం అవుతాయి.

ఒక టోర్నమెంటు జరగాలంటే హాలు అద్దె, షటిల్స్, అంపైర్ల భత్యాలు, పిల్లల రైలు టికెట్లు, బస, భోజనాలు కావాలి. ఇందులో చాలా వరకు స్పాన్సర్ డబ్బే. అతను ఆ డబ్బుతో కొనుక్కునేది గోడ మీద బ్యానర్ ఒక్కటే అనుకుంటాం. అసలు కొనేది ‘నా పోటీ కంపెనీ ఇక్కడ కనిపించదు’ అన్న హామీ. 1996 క్రికెట్ ప్రపంచకప్‌కు అధికారిక పానీయం కోకాకోలా. పెప్సీ మాత్రం సచిన్ లాంటి ఆటగాళ్లనే పెట్టి ‘నథింగ్ అఫీషియల్ అబౌట్ ఇట్’ అంటూ ప్రకటనలు తీసింది. డబ్బు కట్టింది ఒకరు, జనం నోళ్లలో నానింది మరొకరు. ఇలాంటి దెబ్బలు తిన్నాకే స్పాన్సర్లు ఆటగాడి ఒంటి మీద ఏముందో కూడా అగ్రిమెంట్లలో రాయించడం పెంచారు.

దాని వేడి మన క్రికెటర్లకు 2002లో తగిలింది. ఐసీసీ తన టోర్నీల హక్కులు అమ్మేసింది. 2003 ప్రపంచకప్‌కు హీరో హోండా, ఎల్‌జీ, పెప్సీ అధికారిక స్పాన్సర్లు. సచిన్ చూస్తే టీవీఎస్ ప్రచారకర్త. టోర్నీ జరిగినన్నాళ్లూ, దానికి ముందూ తర్వాతా కొన్నాళ్లూ ఆటగాళ్లు పోటీ బ్రాండ్ల ప్రకటనల్లో కనిపించకూడదన్నారు. బోర్డు మమ్మల్ని అడగకుండా మా తరఫున మాటెలా ఇచ్చిందని ఆటగాళ్లు ఎదురు తిరిగారు. చివరికి కొన్ని మార్పులతో సంతకాలయ్యాయి గానీ, ఐసీసీ మన బోర్డుకు రావాల్సిన డబ్బు ఆపింది. అంత పెద్ద ఆటగాళ్లున్న జట్టుకే అన్ని నెలలు పట్టింది. తనకంటే ముందే ఎవరు ఎవరికి ఏం రాసిచ్చారో ఆటగాడికి తెలియకపోవడమే అక్కడ గొడవకు మూలం. మీ ఇంట్లో ఇప్పుడున్న సమస్యా అదే, కాస్త చిన్న సైజులో.

కాబట్టి కంపెనీకి ఫోన్ చేయకముందే అసోసియేషన్ ఆఫీసుకు వెళ్లండి. రాష్ట్ర జట్టులో ఆడే పిల్లలకు బట్టల నియమం ఏమిటి, అది బ్యాగుకూ బూట్లకూ కూడా వర్తిస్తుందా, రాకెట్ సంగతేమిటి, కాగితం మీద ఇమ్మని అడగండి. అడిగితే సెలెక్షన్‌లో పాపను పక్కన పెడతారేమోనని చాలామంది తల్లిదండ్రులు వెనకాడతారు. ఆ భయం నాకు తెలుసు. ‘నియమం పాటించడానికే అడుగుతున్నాం’ అని ఒక్క వాక్యం ముందు రాసి అడగండి, ఎవరూ తప్పు పట్టలేరు.

మామూలుగా మన ఆటలో రాకెట్ ఆటగాడిదే. చేతికి అలవాటైన బరువు, తీగ బిగువు మార్చమని జట్టు అడగదు. జట్టుగా వెళ్లినప్పుడు చొక్కా మాత్రం జట్టుది. సొంతంగా ఎంట్రీ వేసుకుని ఆడే టోర్నమెంట్లలో చొక్కా కూడా ఆటగాడిదే, కాకపోతే లోగో ఎంత సైజుండాలో చదరపు సెంటీమీటర్ల లెక్క ఉంటుంది. సింధు 2019లో లీ నింగ్ అనే రాకెట్ల కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఢిల్లీలో జరిగే ఇండియా ఓపెన్ పేరులోనే దాని పోటీ కంపెనీ యోనెక్స్ ఉంటుంది. ఆ టోర్నీలో ఆమె తన రాకెట్‌తోనే ఆడింది. టోర్నీకి స్పాన్సర్ అయినంత మాత్రాన ఆటగాళ్ల చేతుల్లోంచి రాకెట్లు లాక్కునే హక్కు రాదు. ఈ తేడా మీ అగ్రిమెంటులో కనిపించాలి.

నా దగ్గరికి వచ్చిన ఒక జావెలిన్ కుర్రాడి సంగతి చెప్తాను. వాడూ ‘అన్ని పోటీల్లోనూ’ అన్న కాగితం మీదే సంతకం పెట్టాడు. తర్వాత యూనివర్సిటీ జట్టుతో వెళ్లి రెండో స్థానం తెచ్చుకున్నాడు. ఫోన్లో ఫొటో చూపించాడు: మెడలో పతకం, మొహం నిండా నవ్వు, ఆ పతకానికి బెత్తెడు పైన యూనివర్సిటీ ఇచ్చిన టీ షర్టు మీద ఇంకో కంపెనీ గుర్తు. స్నేహితులు ఫేస్‌బుక్‌లో పెట్టిన ఆ ఫొటోనే కంపెనీ వాళ్లు ప్రింటు తీసి, ఉల్లంఘన అని రాసి, రావాల్సిన మూడో విడత డబ్బు ఆపేశారు. యూనివర్సిటీ చొక్కా వేసుకోకపోతే ఆడనివ్వరు, వేసుకుంటే డబ్బు రాదు. గెలిచిన ఫొటోనే వాడి మీద సాక్ష్యమైంది. నాకు ఇప్పటికీ కడుపు మండే విషయమిది. ఒక్క వాక్యం అదనంగా రాయించుకుని ఉంటే ఆ కుర్రాడికి ఆ గతి పట్టేది కాదు.

ఆ వాక్యం ఇలా ఉండాలి: ‘రాష్ట్ర, జాతీయ జట్టు తరఫున గానీ, విద్యాసంస్థ, యూనివర్సిటీ తరఫున గానీ, నిర్వాహకులు దుస్తులను నిర్దేశించిన మరే పోటీలో గానీ ఆడేటప్పుడు, వారు చెప్పిన దుస్తులు ధరించడం, లోగో కప్పడం ఈ ఒప్పందం ఉల్లంఘన కాదు. ఆ కారణంగా చెల్లింపులో కోత ఉండదు.’ మీ లాయరుతో దీన్ని ఇంగ్లిషులో పెట్టించి కంపెనీకి పంపండి. పేరున్న కంపెనీ ఏదీ దీనికి అడ్డు చెప్పదు, ఎందుకంటే పాప దేశానికి ఆడటం వాళ్లకూ కావాలి. అడ్డు చెప్పారంటే మాత్రం ఆ రాకెట్లు మనకొద్దమ్మా.

రెండోది, రాకెట్, బూట్లు ఒక పద్దు కింద, బట్టలు, బ్యాగు వేరే పద్దు కింద రాయించండి. అప్పుడు చొక్కా దగ్గర చిక్కొచ్చినా రాకెట్ ఒప్పందం చెక్కుచెదరదు.

ఇలా అడిగితే గొంతెమ్మ కోరికలంటారేమోనని సంకోచించకండి. 1974 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ జట్టు చొక్కాలు అడిడాస్‌వి, చేతుల మీద మూడు చారలు. జట్టులో అందరికంటే గొప్ప ఆటగాడు యోహాన్ క్రైఫ్‌కు పూమాతో ఒప్పందం ఉంది. అతని చొక్కాకు మాత్రం రెండే చారలు. పాత ఫొటోల్లో ఇప్పటికీ లెక్కపెట్టుకోవచ్చు. క్రైఫ్ కాబట్టి చెల్లింది, నిజమే. అందరికీ అలా చెల్లదు. అమెరికాలో నిక్ సిమండ్స్ అనే 800 మీటర్ల పరుగు వీరుడు 2015లో జాతీయ చాంపియన్. అతని స్పాన్సర్ బ్రూక్స్, అమెరికా జట్టు స్పాన్సర్ నైకీ. జట్టు కార్యక్రమాలన్నింటిలో నైకీ బట్టలే అన్న షరతులో ఏయే కార్యక్రమాలో స్పష్టంగా రాయమని పట్టుబట్టి, సంతకం చేయలేదు. ఆ ఏడు బీజింగ్ ప్రపంచ పోటీలకు అతన్ని తీసుకెళ్లలేదు. అతని వాదన న్యాయమైనదేనని నేననుకుంటాను. కానీ పదిహేడేళ్ల పిల్ల అసోసియేషన్‌తో అలా ఢీకొనాలని చెప్పను. కంపెనీతో బేరమాడటం తేలిక, జట్టుతో కష్టం. మీ బలం ఉన్నచోట బేరమాడండి.

గడువు ముగిశాక ఏమవుతుందన్నది కూడా చదవండి. ‘మూడేళ్లయ్యాక ఇంకెవరైనా ఆఫర్ ఇస్తే ముందు మాకు చెప్పాలి, అదే మొత్తం మేమిస్తే మాతోనే ఉండాలి’ అన్న షరతు చాలా కాగితాల్లో కనిపిస్తుంది. బౌలర్ జహీర్ ఖాన్‌కు 2000లో కుదిరిన మేనేజ్‌మెంట్ ఒప్పందంలో ఇలాంటిదే ఉంది. గడువు అయ్యాక అతను వేరే సంస్థకు వెళ్తే పాత సంస్థ కోర్టుకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు, గడువు దాటాక కూడా కట్టిపడేసే షరతు కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం చెల్లదంది. గడువు నడుస్తున్నంత కాలం పోటీ బ్రాండు వద్దనడం మాత్రం మామూలుగా చెల్లుతుంది. చెల్లనిదే కదా అని ఆ షరతును అలాగే వదిలేయకండి, కోర్టు దాకా వెళ్లే ఓపిక మీకెక్కడిది? ముందే కొట్టేయించండి.

గాయమైతే, ర్యాంకు పడిపోతే డబ్బు ఎంత తగ్గిస్తారు, ఎప్పుడు రద్దు చేస్తారు అన్నదీ అంకెల్లో ఉండాలి. ‘కంపెనీ నిర్ణయమే తుది’ అని ఉంటే ఒప్పుకోకండి.

పాపకు ఇంకా పద్దెనిమిది నిండలేదు. మైనర్ సంతకం చట్టం ముందు నిలవదు. అందుకే కంపెనీ మీ సంతకం కూడా అడుగుతుంది. అప్పుడు జాగ్రత్త: ‘పాప తప్పితే నష్టాన్ని తల్లిదండ్రులు భరిస్తారు’ అన్న హామీ ఎక్కడో చివరి పేజీలో ఉంటుంది. దాన్ని తీసేయించండి, లేదా ఇచ్చిన సామాను విలువకు మించకుండా పరిమితి రాయించండి. ఇంకో మార్గం, పుట్టినరోజు దగ్గరలోనే ఉంటే పద్దెనిమిది నిండాక తనే సంతకం చేయడం. మూడేళ్లకు బదులు ముందు ఒక్క ఏడాదికి అడగడం కూడా మంచిదే. ఈ వయసులో ఒక్క ఏడాదిలో ఆట ఎంత ఎదుగుతుందో కోచ్‌ను అడగండి.

ఏ వస్తువుల ప్రచారంలో కనిపించకూడదో మీరూ రాయించుకోవచ్చు. ఆంక్షలు అటునుంచే రావాలని లేదు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక, తాను తాగని కూల్‌డ్రింకుకు ప్రచారం చేయనని ఆఫర్ వదులుకున్నాడు. దక్షిణాఫ్రికా క్రికెటర్ హషీమ్ ఆమ్లా జట్టు చొక్కా మీద బీరు కంపెనీ గుర్తు లేకుండానే అన్నేళ్లు ఆడాడు. మద్యం, బెట్టింగ్ యాప్‌ల లాంటివి మీ ఇంటికి సరిపడకపోతే ఇప్పుడే చెప్పండి.

ఇక ఒలింపిక్స్‌కు 40వ నియమం అని ఒకటుంది. క్రీడలు జరిగే రోజుల్లో అథ్లెట్ పేరునూ ఫొటోనూ ప్రకటనలకు వాడటాన్ని అది అదుపు చేస్తుంది. 2019లో, కంపెనీల మధ్య వ్యాపార పోటీని పర్యవేక్షించే జర్మనీ సంస్థ అది మరీ బిగుసుగా ఉందని తేల్చాక అక్కడి అథ్లెట్లకు సడలించారు. ఆ ఏడాదే ఒలింపిక్ కమిటీ కూడా ఆ నియమంలోని మాటలు మార్చింది. పాప అక్కడిదాకా వెళ్లాలని కోరుకుంటూనే, దీని గురించి ఇప్పుడే దిగులు పడొద్దంటాను. అయితే ఇలాంటి నియమాలు ఆటగాళ్లకు అడ్డే అనుకోకండి. టోక్యోలో సింధు కాంస్యం గెలిచినప్పుడు ఆమెతో ఏ ఒప్పందమూ లేని కంపెనీలు తమ లోగోల పక్కన ఆమె ఫొటో పెట్టి అభినందనలు చెప్పేశాయి. ఆమె వ్యవహారాలు చూసే ఏజెన్సీ వాటికి నోటీసులు పంపింది. పైసా ఇవ్వకుండా ఆమె పేరు వాడుకుంటే, డబ్బిచ్చిన అసలు స్పాన్సర్ ఎందుకు ఉంటాడు?

లా చదువు సంగతి. కుదురుతుంది, నిజానికి బాగా కుదురుతుంది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తే హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉన్నాయి. మన రెండు రాష్ట్రాలూ విడివిడిగా పెట్టే ప్రవేశ పరీక్ష లాసెట్‌తో ఆయా రాష్ట్రాల్లోని మిగతా కాలేజీలు దొరుకుతాయి. చేరేముందు హాజరు విషయం తప్పకుండా అడగండి. కొన్ని చోట్ల టోర్నమెంటుకు వెళ్లిన రోజులను హాజరుగా లెక్కిస్తారు, కొన్ని చోట్ల లెక్కించరు, అక్కడ మూడో సెమిస్టర్‌కే ఆటో చదువో వదులుకోవాల్సి వస్తుంది. క్రీడల చట్టం ఒక్కటే నమ్ముకుంటే మొదట్లో పని తక్కువ. కాంట్రాక్టులు, ట్రేడ్‌మార్కులు, మధ్యవర్తిత్వం గట్టిగా నేర్చుకుంటే ఆ పని దానంతట అదే వస్తుంది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా వివాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్ ఏర్పాటుకు దారి వేసింది. అక్కడ నిలబడి మాట్లాడేవాళ్లలో షటిల్ కోర్టు మీద చెమటోడ్చినవాళ్లు కూడా ఉండాలని నాకు గట్టిగా ఉంది. బ్యాగు మీద టేపు అంటించుకున్న పిల్లకు ఆ కేసు అర్థమైనట్టు ఇంకెవరికర్థమవుతుంది?

పాపకు ఈ ఉత్తరం చూపించండి. 1992 బార్సిలోనాలో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు పసిడి అందుకోవడానికి వచ్చినప్పుడు జట్టు కోటు మీద రీబాక్ గుర్తు ఉంది. నైకీ మనిషి మైకేల్ జోర్డాన్ భుజం మీదుగా దేశ జెండా కప్పుకుని ఆ గుర్తును దాచాడు. సిమండ్స్ 2012లో తన ఎడమ భుజం మీద కొంత చోటును 11,100 డాలర్లకు ఒక కంపెనీకి వేలంలో ఇచ్చి, పరుగు పందెంలో దాని మీద టేపు వేసుకుని పరుగెత్తాడు. వాళ్లెవరూ తప్పు చేసి దాచుకోలేదు, పాపా నువ్వూ చేయలేదు. అసోసియేషన్ వాళ్లు రెండు రోజుల ముందే ఒక మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది, అందరి ముందూ నిన్ను నిలబెట్టక్కర్లేదు. తప్పేదైనా ఉంటే అది వాళ్లది.

వచ్చే టోర్నమెంటుకు ఏ గుర్తూ లేని ఒక నల్ల బ్యాగు కొనివ్వండమ్మా. దాని పక్క జేబులో ఒక టేపు చుట్ట, చిన్న కత్తెర వేసి పంపండి. ఈసారి ఇంకే గుర్తయినా కప్పమని అడిగితే తనే టేపు వేసుకుంటుంది.