పాఠకుల ప్రశ్నలు: కప్పలూ పిట్టలూ పలికే ఎగ్జోటికా సంగీతం

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు ఈ నెల ఒకే సంగీతం గురించి చాలా ఉత్తరాలు రాశారు. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

వైజాగ్‌లో ఒక హోటల్లో భోంచేస్తుంటే వెనకాల ఒక సంగీతం వినబడింది. గంటల్లాంటి మెత్తని మోత, మధ్యమధ్య పిట్ట కూతలు, కప్పల బెకబెక. హవాయి జానపదం అని అక్కడివాళ్లు చెప్పారు. నిజమేనా? — ఒక పాఠకుడు, గుణుపురం

దాని పేరు ఎగ్జోటికా. హవాయిలో వాయించారు గానీ అది హవాయి జానపదం కాదు. న్యూయార్క్‌లో పుట్టిన పియానో వాద్యకారుడు మార్టిన్ డెన్నీ 1954లో హొనలులు చేరి, తర్వాత అక్కడ హవాయియన్ విలేజ్ హోటల్లోని షెల్ బార్‌లో చిన్న బృందంతో వాయించేవాడు. వేదిక పక్కనే ఒక కొలను ఉండేది. పాట మొదలైతే అందులోని కప్పలు అందుకునేవి, పాట ఆగితే ఊరుకునేవి. ఒక రాత్రి బృందంలోని వాళ్లు సరదాకి పిట్టల్లా కూశారు. మర్నాడు ఒక అతిథి వచ్చి, ఆ పిట్టలూ కప్పలూ ఉన్న పాట మళ్లీ వాయించమని అడిగాడు. అప్పటినుంచి ఆ కూతలు పాటలో భాగమైపోయాయి. పిట్టల గొంతులు చాలావరకు కాంగా, బోంగో అనే చేతి డ్రమ్ములు వాయించే ఆగీ కొలోన్‌వి. కప్ప గొంతు కోసం గాట్లు పెట్టిన గొట్టం మీద పుల్లతో గీకేవారు.

గంటల్లా వినిపించింది వైబ్రఫోన్. అల్యూమినియం పట్టీల కింద గొట్టాలుంటాయి. గొట్టాల నోటి దగ్గర చిన్న రేకులు మోటారుతో తిరుగుతూ నోటిని మూస్తూ తెరుస్తూ ఉంటాయి. స్వరం ఊగినట్టు వినబడేది అందుకే. మొదట దాన్ని వాయించింది ఆర్థర్ లైమన్. తాళాలు లాటిన్ అమెరికావి, శ్రుతుల కూర్పు జాజ్‌ది, గంటలు బర్మావి. వాళ్లు ప్రసిద్ధం చేసిన ‘క్వయట్ విలేజ్’ లెస్ బాక్స్టర్ 1951లో ఆర్కెస్ట్రా కోసం చేసిన బాణీ. అన్నీ కలిపి భూమ్మీద ఎక్కడా లేని ఒక దీవిని కట్టారు. టికీ బార్లు అనే మాట వినే ఉంటారు. టికీ అంటే పసిఫిక్ సముద్రంలోని పాలినేషియా దీవుల వాళ్లు చెక్కే మనిషి బొమ్మ. 1930లలో హాలీవుడ్‌లో మొదలైన డాన్ ది బీచ్‌కోంబర్ లాంటి బార్లు ఆ బొమ్మల్నీ వెదురు గోడల్నీ అలంకారం చేసుకున్నాయి. ఈ సంగీతం వాటిలోకి చక్కగా ఇమిడింది.

కలకత్తా నుంచి తెచ్చిన పాత ఎల్పీల కట్టలో మార్టిన్ డెన్నీ ‘ఎగ్జోటికా’ ఆల్బమ్ దొరికింది. తెల్లటి బూజు పట్టి ఉంది. ఎలా కడగాలి? ఇది మోనోనా, స్టీరియోనా? — ఒక పాఠకురాలు, బరంపురం

ముందు అట్ట మీది నంబరు చూడండి. ఎల్ఆర్‌పీ 3034 అయితే మోనో, ఎల్ఎస్‌టీ 7034 అయితే స్టీరియో. ఈ రెండూ ఒకే రికార్డింగు కావు. మొదటిది 1956 డిసెంబరులో హొనలులులో మోనోగా చేసి 1957లో విడుదల చేశారు. స్టీరియో ఊపు రాగానే 1958లో ఆ పాటలన్నీ మళ్లీ వాయించారు. అప్పటికి లైమన్ వెళ్లిపోయాడు, వైబ్రఫోన్ దగ్గరికి జూలియస్ వెక్టర్ వచ్చాడు. మాకు మోనోయే ఎక్కువ నచ్చుతుంది. అందులో బృందంలోని నలుగురూ ఒకే గదిలో ఊపిరి తీస్తున్నట్టుంటుంది. దాన్ని వినేటప్పుడు యాంప్లిఫయర్ మీద మోనో బటన్ నొక్కండి. ముల్లు పైకీ కిందికీ కదిలినప్పుడు పుట్టే గరగర చాలా తగ్గుతుంది.

బూజుకి: డిస్టిల్డ్ వాటర్ 750 మిల్లీలీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 250 మిల్లీలీటర్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండే చుక్కలు. దగ్గర్లో దీపం, స్టవ్ ఉండకూడదు. ముందు మెత్తటి పొడి బ్రష్‌తో బూజు దులపండి, అదీ ఇంటి బయట. లేకపోతే ఆ పొడి పక్క రికార్డుల మీద పడి అక్కడ మొలుస్తుంది. తర్వాత మందు చల్లి రెండు నిమిషాలు నాననిచ్చి, గాడి తిరిగిన దిక్కునే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. అడ్డంగా రుద్దితే మురికి గాడిలోనే ఇరుక్కుంటుంది. మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు. ఆఖర్న ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, నీడలో నిలబెట్టి అరగంట ఆరనివ్వండి. మొదటిసారి వాయించాక ముల్లుకి బూడిదలాంటిది అంటుకుంటే గాడి అడుగున ఇంకా మురికి ఉన్నట్టే, మళ్లీ కడగండి.

అదే కట్టలో 78 తిరుగుళ్ల రికార్డులుంటే వాటికి ఈ మందు తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ లక్కని కరిగిస్తుంది. పాత అట్ట లోపలి కాగితం పారేసి కొత్త కవరు వేయండి. బూజు దాక్కునేది ఆ కాగితంలోనే. మీది సముద్రపు గాలి కాబట్టి బీరువాలో సిలికా జెల్ పెట్టి, రికార్డుల్ని నిలువుగా ఉంచండి.

మేం నలుగురం: కీబోర్డు, బేస్ గిటారు, బోంగో, తబలా. ఈ పద్ధతిలో వాయిద్దామని కూర్చుంటే ఎంత చేసినా పెళ్లి బ్యాండులాగే వస్తోంది. తప్పెక్కడుంది? — ఒక బృందం, రాయగడ

మీరు పంపిన రికార్డింగు విన్నాం. నలుగురూ మొదటి దెబ్బ నుంచి ఆఖరి దెబ్బ దాకా ఆపకుండా వాయిస్తున్నారు. అసలు తప్పు అదే. ఈ సంగీతంలో చెవి వెతుక్కోవాలి. పిట్ట ఎక్కడుంది, కప్ప ఎంత దూరంలో ఉంది అని వెతుక్కునే చోటు దొరకాలంటే ఖాళీ ఉండాలి.

కీబోర్డు తాళాల పెట్టె పూర్తిగా ఆపేయండి. నిమిషానికి 84 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి. డి మైనర్‌లో బేసు రెండు ఆవృత్తాల చిన్న ముక్కని నాలుగుసార్లు ఒంటరిగా వాయించాలి. ఐదోసారికి బోంగో రావాలి, వేలి కొసలతో మాత్రమే. వైబ్రఫోన్ స్వరం ఆ తర్వాతే. శ్రుతి మార్చాలనే తహతహ వస్తుంది, ఎనిమిది ఆవృత్తాల దాకా మార్చకండి. బేసు కదలకపోతేనే పైన ఏది కదిలినా విశేషంగా వినబడుతుంది. తబలాని ఈ ఒక్క పాటకి పక్కన పెట్టమని మా మనవి. దాయాకి, అంటే తబలా జోడీలో కుడిచేతి దానికి, తనదైన శ్రుతి ఉంది, అది వైబ్రఫోన్ శ్రుతితో పోట్లాడుతుంది. తబలా అన్నయ్యకి కింద చెప్పే వెదురు ఇవ్వండి. ఈ పాటలో అది చిన్న పనేం కాదు.

మామూలు కీబోర్డుల్లో వాద్యాల స్వరాలకి నంబర్లిచ్చే జనరల్ మిడి పట్టికలో వైబ్రఫోన్ 12వది, మరింబా 13వది. మీ రికార్డింగులో స్వరం గుడిగంటలా కీచుమంటోంది, కారణం మీరు రెండు ఆక్టేవులు పైన వాయించడం. నిజం వైబ్రఫోన్ మధ్య సి కింది ఎఫ్ నుంచి మొదలై మూడు ఆక్టేవులే. ఆ హద్దు దాటొద్దు. స్వరం ఊగే వేగం మార్చే వీలుంటే సెకనుకి నాలుగు సార్లకి తగ్గించండి. రివర్బ్, అంటే మారుమోత, రెండున్నర సెకన్లు పెట్టండి గానీ బేసుకీ బోంగోకీ కాదు, వైబ్రఫోన్‌కీ పిట్టలకీ మాత్రమే. అన్నిటికీ పోస్తే బురదవుతుంది. లైమన్ 1958లో తన ‘టాబూ’ ఆల్బమ్ రికార్డు చేసింది హవాయియన్ విలేజ్‌లోని అల్యూమినియం గోపురంలో. ఆ మారుమోత గోపురానిదే.

ఇక వెదురు. మీ జిల్లాలో దానికేం కొదవ లేదు. మూడేళ్లు ముదిరిన వెదురు, నీడలో రెండు నెలలు ఎండినది తీసుకోండి. పచ్చిదైతే టపటపమంటుంది, ఆరాక నెర్రె విచ్చుతుంది. రెండు కణుపుల మధ్య 35 సెంటీమీటర్ల ముక్క, ఐదు సెంటీమీటర్ల లావు, కణుపులు రెండు చివరలా ఉండాలి. వీపు వైపు పది సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు చీలిక కోయండి, మోత బయటికొచ్చేది అందులోంచే. ముందు వైపు ఐదు మిల్లీమీటర్లకొకటి చొప్పున నలభై గాట్లు, రెండు మిల్లీమీటర్ల లోతు, ఆకురాయితో. లోతు ఎక్కువైతే పుల్ల తట్టుకుని ఆగుతుంది, తక్కువైతే జారిపోతుంది. వెదురు పేడుతో గీకండి. మొదట మూడు గాట్లు నెమ్మదిగా, తర్వాత మిగతావి ఒక్క ఊపున. ‘క్ర్... క్ర్... క్రర్రర్క్’ అన్నప్పుడు మీకే తెలుస్తుంది, అది కప్ప అని. పాటలో రెండు నిమిషాలకి నాలుగైదుసార్లు చాలు, అదీ వైబ్రఫోన్ ఊరుకున్నప్పుడు.

నిజం కప్పలు కావాలంటే వానాకాలంలో చెరువు గట్టు మీద మడిచిన తువ్వాలు పరిచి దాని మీద ఫోను పెట్టండి. ఆటోమేటిక్ వాల్యూమ్ ఆపేసి, డబ్ల్యూఏవీ ఫైలుగా రికార్డు చేయండి. పెట్టేసి అక్కణ్నుంచి వచ్చేయాలి. మనిషి అడుగు విన్న కప్పలు కొన్ని నిమిషాలు నోరు విప్పవు. వాన పడుతుండగా మాత్రం వద్దు, చినుకుల చప్పుడు కప్పల్ని మింగేస్తుంది. వాన వెలిశాక ఒక గంటకి వెళ్లండి. పాటలో కలిపేటప్పుడు వైబ్రఫోన్ కంటే 15 నుంచి 18 డెసిబెల్స్ తక్కువలో ఉంచండి. మొదటిసారి వింటే తెలియకూడదు, రెండోసారి తెలియాలి.

కొండదారిలో మాకు చిన్న గెస్ట్‌హౌస్ ఉంది. రాత్రి భోజనాల వేళ ఈ సంగీతం పెడితే కొందరు తల తిప్పి స్పీకర్ వైపు చూస్తున్నారు. — ఒక యజమాని, జైపూర్

స్పీకర్ వైపు చూశారంటే ఒకే మూల నుంచి గట్టిగా వస్తోందన్నమాట. ఒక పెద్ద దాని బదులు నాలుగు చిన్నవి, మనిషి తల కంటే ఎత్తున, గోడల వైపు తిప్పి పెట్టండి. భోజనం బల్ల దగ్గర ఫోను యాప్‌తో కొలిస్తే 55 నుంచి 60 డెసిబెల్స్ మధ్య ఉండాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లు గొంతు పెంచాల్సి వస్తే ఎక్కువైనట్టే. గంటంబావుకి మించి ఒకే తరహా వద్దు. వాన పడే రాత్రి పూర్తిగా ఆపేయండి, మీ కొండ కంటే బాగా ఎవరూ వాయించలేరు. ఇంకొకటి: ఇంట్లో వినడానికి కట్టిన చందా వ్యాపార స్థలంలో చెల్లదు. బహిరంగంగా వినిపించడానికి విడిగా లైసెన్సు తీసుకోవాలి.

మా తాతగారి హవాయియన్ గిటారు అటక మీద ఉంది. దానికీ ఈ ఎగ్జోటికాకీ సంబంధం ఉందా? మళ్లీ పలికించవచ్చా? — ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

చుట్టరికం ఉంది గానీ అన్నదమ్ములు కారు. గిటారుని ఒళ్లో పడుకోబెట్టి లోహపు కడ్డీతో వాయించే పద్ధతి 19వ శతాబ్దం చివర హవాయిలో జోసెఫ్ కెకుకు పేరుతో ప్రచారంలోకి వచ్చింది. టావ్ మో కుటుంబం 1940లలో కొన్నేళ్లు కలకత్తాలో ఉండి వాయించింది. అక్కడ ఈ వాద్యం బాగా పాతుకుంది, సునీల్ గంగూలీ దాని మీదే సినిమా పాటలు పలికించారు. అదే పద్ధతిని హిందుస్తానీ రాగాలకు మలిచింది బ్రిజ్ భూషణ్ కాబ్రా. డెన్నీ ఎగ్జోటికాలో మాత్రం ముందుండేది వైబ్రఫోన్, పియానోలే.

దించగానే తీగలు బిగించకండి. ముందు బ్రిడ్జి (గిటారు పొట్ట మీద తీగలు ఆనే చెక్క) కింద పలచని కాగితం దూర్చి చూడండి. దూరిందంటే జిగురు విడింది, ముందు అది అతికించాలి. తుప్పు తీగలన్నీ మార్చండి. పుస్తకాల్లో ఎక్కువగా చెప్పే శ్రుతి లావు తీగ నుంచి ఇ, ఎ, ఇ, ఎ, సి షార్ప్, ఇ. ఇందులో మూడు తీగలు మామూలు గిటారు కంటే పూర్తి స్వరం పైకి బిగుస్తాయి, పాత చెక్కకి అది బరువు. మీరు డి, జి, డి, జి, బి, డి శ్రుతి పెట్టుకోండి. ఏ తీగా మామూలు కంటే బిగవదు. కడ్డీ సరిగ్గా మెట్టు పట్టీ (ఫ్రెట్) మీదే ఉండాలి. మామూలు గిటారులా రెండు పట్టీల మధ్య పెడితే స్వరం తగ్గుతుంది, మొదట అందరూ చేసే పొరపాటిదే. కడ్డీ వెనక తీగల మీద మిగతా వేళ్లు ఆనించండి, లేకపోతే గరగర వస్తుంది.

అరవై ఏళ్లు దాటినా ఈ సంగీతం ఎందుకు నిలిచింది? ఊహల్లోని ‘అడవి మనుషుల’ పేరుతో అమ్ముకున్న సరుకు కాదా ఇది? మేం ఇక్కడి గిరిజనుల థింసా నాట్యం డప్పులు కలిపి ఇలాంటిది చేయాలనుకుంటున్నాం, తప్పా? — ఒక ఉపాధ్యాయుడు, కొరాపుట్

మీ అనుమానం న్యాయమైనది. బాక్స్టర్ 1951 రికార్డు పేరే ‘రిచువల్ ఆఫ్ ది సావేజ్’, అంటే ‘అనాగరికుడి క్రతువు’. ఏ జాతి, ఏ ఊరు అన్న ఊసు లేకుండా ఊరికే ‘అడవి’ అని అమ్మారు. హవాయి అమెరికాలో రాష్ట్రమైన 1959లోనే డెన్నీ ‘ఎగ్జోటికా’ బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఊహల దీవికి వెళ్లాలన్న అప్పటి కోరికకి సరిపడే సరుకు అది. అది ఒప్పుకుంటూనే అందులోని పనితనాన్ని ఇష్టపడతాం. 1978లో జపాన్ బృందం ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా డెన్నీ ‘ఫైర్‌క్రాకర్’ని సింథసైజర్ల మీద వాయించింది. పాశ్చాత్యుడు ఊహించిన ఆసియాని ఆసియా వాళ్లే తీసుకుని తిరగ్గొట్టారు. 1996లో కాపిటల్ కంపెనీ ‘అల్ట్రా లాంజ్’ పేరుతో పాతవాటిని వరసగా సీడీలు వేసింది, కొత్త తరం అందుకుంది. ఇల్లు కదలకుండా ఇంకో చోటికి వెళ్లొచ్చిన భావం నాలుగు వాద్యాలతో రావడం చిన్న సంగతి కాదు. నిలబెట్టింది అదేనని మా నమ్మకం.

మీకు థింసా ఎవరిదో ఊహల అడవిది కాదు, పక్క ఊరిది. కాబట్టి డెన్నీ కాలం వాళ్లకి లేని వెసులుబాటు మీకుంది, వాళ్లకి లేని బాధ్యతా ఉంది. వాయించేవాళ్ల దగ్గరికి వెళ్లి ఏ దరువు పండక్కి, ఏది చావుకి, ఏది ఆటకి అని అడిగి తెలుసుకోండి. ఆటదే తీసుకోండి. ముక్క కాకుండా మొత్తం దరువు రికార్డు చేయండి, ఒక ప్రతి వాళ్లకివ్వండి. ఆ రోజు కూలీ ఆ రోజే ఇవ్వండి. రికార్డు మీద వాళ్ల పేర్లు, ఊరి పేరు మీ పేరుకున్నంత అక్షరాల్లోనే వేయండి. మిక్సింగ్‌లో డప్పుని రివర్బ్‌లో ముంచి దూరం నెట్టకండి, బేసు పక్కన ముందే ఉంచండి. విడుదలకి ముందు పాట పట్టుకెళ్లి వాళ్లకి వినిపించండి. తీసేయమంటే డప్పు తీసేయండి. వెదురూ, కప్పలూ ఉంటాయి కదా, పాట వాటితో నడుస్తుంది.