అమ్మ భుజం గురించి నువ్వు రాయలేదు

తమ్ముడూ,

సినిమాల మీదా సీరియళ్ల మీదా నువ్వు రాసి పంపిన ఐదు వ్యాసాలూ చదివాను. మూడు బస్సులో, మిగతా రెండు ఇంటికొచ్చి అన్నం తిన్నాక. నీకు ఓపికగా చూసే కళ్లున్నాయి, రాయాలన్న ఆకలి కూడా ఉంది. అందుకే ఉన్నదున్నట్టు చెప్తున్నా, కోపం తెచ్చుకోకు.

ముందు మల్లేశం సినిమా మీద రాసింది తీసుకుందాం. ‘ఫస్టాఫ్ ఎమోషనల్‌గా సాగింది, సెకండాఫ్‌లో కొంచెం ల్యాగ్ ఉంది, ప్రియదర్శి నటన ప్లస్, మొత్తానికి ఒకసారి చూడొచ్చు’ అని రాశావు. పేరు మారిస్తే ఈ మాటలు ఏ సినిమాకైనా అతుకుతాయి. పోయిన నెల ఫోన్లో నాకు చెప్పింది మాత్రం వేరే. టీవీలో ఆ సినిమా వస్తుంటే, తల్లి ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పుతూ, నొప్పికి భుజం పట్టుకునే చోట మీ అమ్మ తనకు తెలియకుండానే తన కుడి భుజం మీద చెయ్యేసుకున్నదనీ, అది చూసి మీ నాన్న లేచి బయటికి పోయాడనీ చెప్పావు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ ముక్క వ్యాసంలో ఎక్కడా లేదు. ఎందుకు తీసేశావంటే ‘అది రివ్యూ కాదు కదా అన్నా’ అన్నావు. అదే రివ్యూ తమ్ముడూ, గట్టుప్పల్‌లో మగ్గం చప్పుడు మధ్య పెరిగిన నువ్వు తప్ప ఇంకెవరు రాస్తారు అది?

చింతకింది మల్లేశం ఆలేరు దగ్గర శారాజీపేట మనిషి, 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో రాజ్ రాచకొండ సినిమా తీశాడు. ఇవన్నీ ఎవరైనా వెతికి రాసుకుంటారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి 9,000 సార్లు దాకా అటూ ఇటూ తిరగాలన్న లెక్క కూడా దొరుకుతుంది. కానీ రెండో చీర మొదలుపెట్టే సరికి ఆ చెయ్యి ఎట్లుంటుందో, రాత్రి ముద్ద నోటిదాకా ఎత్తడానికి ఎంత కష్టమవుతుందో మీ ఇంట్లో వాళ్లకు తెలుసు. అది తెలిసి చూస్తే సినిమాను అడగాల్సిన ప్రశ్నలే మారిపోతాయి. తల్లిగా వేసిన ఝాన్సీ చెయ్యి కొయ్యల చుట్టూ తిరిగిన తీరు నిజంగా ఆసు పోసే చెయ్యి లాగే ఉందా, ఆ వేగం సరిపోయిందా? సెకండాఫ్ సాగిందన్నావు, మరి ఏళ్ల తరబడి యంత్రం కుదరక తిప్పలు పడ్డ మనిషి కథలో ఆ సాగుడు ఉండాల్సిందేనా, లేక ఎడిటింగ్‌లో పోవాల్సిందా? మీ అమ్మను అడుగు. ఎక్కడైనా ఆమె ‘ఇట్ల పొయ్యరు’ అన్నదనుకో, సినిమా నీకెంత నచ్చినా ఆ మాట దాచకు. ఆమె సంగతి రాసే ముందు రాయొచ్చా అని ఒక మాట అడుగు, అది మర్చిపోవద్దు.

ఇదే తప్పు నేనూ చేశాను. బి.నర్సింగరావు 1988లో తీసిన దాసి చూసి ఒక పత్రికకు రాసి పంపినప్పుడు నాకు నీ వయసే. ఐదు జాతీయ అవార్డులు వచ్చిన సినిమాను పట్టుకుని ‘కథనం నెమ్మది, మాటలు తక్కువ’ అని రాశాను. పెళ్లికూతురితో పాటు దొరల గడీలకు దాసీలుగా పంపిన ఆడబాపల సంగతులు మా నాయనమ్మ చెప్తుంటే చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణే, అయినా వాటికీ తెర మీద దాసిగా వేసిన అర్చన మౌనానికీ ముడి ఉందని తోచలేదు. ఆ ఇంట్లో దాసికి నోరెత్తే హక్కు లేదు, అందుకే సినిమాలో మాటలు తక్కువ. ఇది తెలియడానికి పదేళ్ల తర్వాత రెండోసారి చూడాల్సి వచ్చింది. ఆ సినిమా దుస్తులకు జాతీయ అవార్డు అందుకున్న సుదర్శన్ మన మిర్యాలగూడ ఆయన, దాసి సుదర్శన్ అనే పిలిచేవాళ్లు, ఆయన పేరు కూడా నా వ్యాసంలో రాలేదు. ఇప్పటికీ బాధే నాకు. స్లోగా ఉందనిపించిన సినిమా ఏదైనా రెండోసారి చూడకుండా రాయకు.

సీరియళ్ల మీద రాసిన రెండూ నాకు నచ్చలేదు. కార్తీక దీపాన్ని ‘ఆడవాళ్ల కాలక్షేపం’ అని కొట్టిపారేశావు. నల్లగా ఉందన్న మాట పడుతూ నిలబడ్డ వంటలక్క కథను 2017 నుంచి 2023 దాకా మన ఇళ్లల్లో ఎందుకు వదలకుండా చూశారో ఆలోచించావా? మన దగ్గర పెళ్లిచూపుల్లో రంగు మాట ఎన్నిసార్లు వస్తుందో నీకు తెలియదా? ఒకే సంగతిని ముగ్గురు మూడుసార్లు చెప్తారని ఎద్దేవా చేశావు. సాయంత్రం ఒకసారి అమ్మ పక్కన కూర్చుని చూడు. ఆమె కళ్లు చిక్కుడుకాయ మీద ఉంటాయి, చెవులు టీవీ మీద, పొయ్యి మీద కూర మాడుతుందేమోనని మధ్యలో రెండుసార్లు లేస్తుంది. అట్లా చూసేవాళ్ల కోసం రాసిన కథలో సంగతి మళ్లీ మళ్లీ చెప్పక తప్పదు. అక్కడి నుంచి మొదలుపెట్టి, సీరియల్ తీసేవాళ్లు మార్చుకోగలిగి కూడా మార్చుకోనివి ఏమున్నాయో అప్పుడు గట్టిగా తిట్టు, నేను నీ వెనక నిలబడతా.

బలగం మీద రాసింది బాగుంది. ఊళ్లో తెర కట్టి వేసినప్పుడు చివర్లో మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే వెనక వరుసల్లో ఎవరూ కదల్లేదన్న వాక్యం దగ్గర నేనూ ఆగిపోయాను. ఒక్కటే లోటు, ‘తెలంగాణ యాస సహజంగా ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. బలగంలో వినపడే సిరిసిల్ల వైపు మాటా, మన నల్లగొండ మాటా, పాలమూరు మాటా ఒకటి కావు. మీ ఊళ్లో అనని మాట ఏది వినపడిందో రాసుకో. మన యాసను ఇన్నేళ్లు రౌడీలకూ నవ్వించేవాళ్లకూ పెట్టారు కదా, ఎవరి నోట్లో పెట్టారన్నది ప్రతి సినిమాలోనూ చూడు.

మిగతావి చిన్న సంగతులు. కథ మొత్తం చెప్పేయకు, పేర్లు రెండుసార్లు సరిచూసుకో, ఇంకొకరి రివ్యూ చదవకముందే నీది రాసెయ్, నటుల ఒళ్లూ రూపం మీద వ్యాఖ్యలు అసలే వద్దు, అభిమానులు తిడతారని టెన్షన్ పడి వాక్యం మార్చకు.

మల్లేశం వ్యాసం మళ్లీ రాయి. మీ అమ్మ చెయ్యి దగ్గర మొదలుపెట్టు. మీ నాన్న ఎందుకు బయటికి పోయాడో ఆయన్ను అడిగావా? అడుగు, చెప్పకపోతే చెప్పలేదనే రాయి. వచ్చే ఆదివారం నల్లగొండ రా, క్లాక్ టవర్ దగ్గర ఛాయ్ తాగుతూ చదువుదాం, ప్రింటు తీసుకొని రా.

నీ అన్న