మెలటోనిన్ గుండెల్లో మంటకు మందవుతుందా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. రాత్రి పడుకున్న గంటకే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్ని, దగ్గుతో లేచి కూర్చుంటున్నాను. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం ఒరుసుకుపోయిందని తేలింది. ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వాడుతున్నాను. నిద్రకు వాడే మెలటోనిన్ అన్నవాహికను కాపాడుతుందని విన్నాను. ఒమెప్రజోల్ మానేసి అది వేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఒమెప్రజోల్‌ను మీ అంతట మీరు మానేయవద్దు. అయితే మీరు విన్నది ఉత్త పుకారు కాదు. మెలటోనిన్ అనగానే చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి విడుదల చేసే నిద్ర హార్మోనే గుర్తుకు వస్తుంది. 1958లో ఆరన్ లెర్నర్ బృందం దానిని వేరుచేసింది కూడా పశువుల పీనియల్ గ్రంథుల నుంచే. కానీ జీర్ణనాళపు లోపలి పొరలోని కొన్ని కణాలు సైతం సెరటోనిన్ అనే రసాయనం నుంచి మెలటోనిన్‌ను తయారుచేస్తాయి, ఆ నిల్వ పీనియల్ గ్రంథిలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

అన్నవాహిక జీర్ణాశయంతో కలిసేచోట ఉండే వలయాకారపు కండరం ముద్ద మింగినప్పుడు తెరుచుకుని, వెంటనే బిగుసుకోవాలి. మీవంటి వారిలో అది మింగకపోయినా మాటిమాటికీ సడలుతుంది. సడలమని దానికి అందే సంకేతాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఒకటి. మెలటోనిన్ దాని తయారీని తగ్గిస్తుందని, ఆమ్లం ఊరడాన్ని కూడా కొంత అదుపు చేస్తుందని ప్రయోగాలు సూచిస్తున్నాయి. జీర్ణాశయానికి ఉన్నటువంటి మందమైన జిగురు పొర అన్నవాహికకు లేదు కనుక, పైకి ఎగదన్నిన ఆమ్లమూ, మాంసకృత్తులను అరిగించే పెప్సిన్ అనే ఎంజైమూ కణాల మధ్య అతుకులను వదులు చేసి వాపు పుట్టిస్తాయి. ఎలుకలకు ముందుగా మెలటోనిన్ ఇచ్చినప్పుడు ఆ పొరకు రక్తప్రసరణ మెరుగై, గాయాలు తగ్గాయి.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆధారం పలుచబడుతుంది. 2010లో ప్రచురితమైన ఈజిప్టు అధ్యయనంలో పాల్గొన్నది 36 మందే. 3 మిల్లీగ్రాముల మెలటోనిన్ వాడినవారిలో మంట తగ్గి, ఆ కండరపు బిగువు పెరిగింది. ఒమెప్రజోల్‌తో కలిపి ఇచ్చినప్పుడూ మేలు కనిపించింది. అంతకుముందు 2006లో వచ్చిన మరో పరిశీలనలో 351 మంది ఉన్నారు, కానీ వారిలో దాదాపు సగం మందికి ఇచ్చిన మాత్రలో మెలటోనిన్‌తో పాటు విటమిన్లు, అమైనో ఆమ్లాలు కూడా ఉండటంతో గుణం దేనిదో చెప్పలేం. పైగా అది వాడిన ప్రతి ఒక్కరికీ 40 రోజుల్లో తగ్గిందంటే నాకు సంతోషం కంటే ముందు అనుమానమే కలుగుతుంది.

కాబట్టి దీనిని ఒమెప్రజోల్‌కు బదులుగా కాక తోడుగా చూడవచ్చు, అదీ మీ వైద్యుడు అంగీకరిస్తేనే. వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవారు అడగకుండా ముట్టరాదు. వేసుకున్నాక వాహనం నడపకూడదు. ఈలోగా మంచానికి తలవైపు ఎత్తు పెట్టించి, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. ఒమెప్రజోల్‌ను పడుకునే ముందు కాక, భోజనానికి అరగంట ముందు వేసుకుంటున్నారో లేదో కూడా చూసుకోండి. చాలామంది పొరపడేది ఇక్కడే. ముద్ద దిగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.