మొక్కజొన్న వేసే ముందు

సూరీ,

ఉద్యోగం మానేసి చీపురుపల్లి దగ్గర మూడెకరాలు కౌలుకి పట్టావని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో మళ్లీ ఒకడు మడిలోకి దిగుతున్నాడని ఎంత సంబరపడ్డానో, రబీలో మూడెకరాలూ మొక్కజొన్నే అనేసరికి అంత టెన్షన్ పట్టుకుంది. అత్తని ఒక్క మాట అడగాలనిపించలేదురా వెధవా?

విత్తనం, ఎరువు సంగతి రైతు సేవా కేంద్రంలో చెబుతారు. కత్తెర పురుగుకి పొద్దున్నే మొక్క నడిమి ఆకుల సుడి విప్పి చూడు. కంకి పీచు వేసే వేళ తడి తప్పనివ్వకు.

పోయినేటి రేటు చూసి మీ నాన్న కూడా ఇలాగే వేశాడు. 2020లో పంట చేతికొచ్చేసరికి కోడి తింటే కరోనా అని పుకారు పుట్టింది. కోళ్లఫారాలు దెబ్బతిని దాణాకి కొనేవాళ్లు తగ్గారు, పైన లాక్‌డౌన్. ప్రభుత్వం క్వింటాలు 1,760కి కొంటోందని తెలిసి వెళితే, ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో మీ నాన్న పేరే లేదు. భూమి ఆసామిది కదా! ఈలోగా విత్తనం, యూరియా అప్పిచ్చిన షావుకారు కళ్లంలో గోతాలు దింపేశాడు. రేటు అతను చెప్పిందే. తేమని కొంత, తరుగని కొంత కోశాడు. ఊరందరి తగవులూ తీర్చే మీ నాన్న, కాటా దగ్గర నోరెత్తలేదు. పిల్లలకి చెప్పొద్దక్కా అన్నాడు. ఇప్పుడు చెబుతున్నాను, కోప్పడితే పడనీ.

2025-26కి మద్దతు ధర క్వింటాలుకి 2,400 అన్నారు. కాగితం లేకపోతే అది నీది కాదు. ముందు ఆసామి చేత సంతకం పెట్టించి కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు పత్రం తీసుకో, ఈ-క్రాప్‌లో నీ పేరు ఎక్కించు. షావుకారు దగ్గర ఒక్క బస్తా కూడా అప్పు తేకు. చాలకపోతే నా పెన్షన్ డబ్బులున్నాయి, మొహమాటపడకు.

డీలరు ఎకరాకి 35 క్వింటాళ్లంటాడు. నువ్వు 25 వేసుకుని, కౌలుతో సహా ఎకరా ఖర్చంతా దాంతో భాగించు. క్వింటాలుకి ఎంత పడుతుందో తేలుతుంది. వచ్చిన అంకె ఇప్పటి రేటుకి దగ్గర్లో ఉంటే రెండెకరాలే వెయ్యి. పల్లపు ఎకరంలో వరి ఇంకా కొయ్యలేదటగా, కోతకి ముందు మినుము చల్లేయ్. మొక్కజొన్న తేమ 14 శాతానికి దిగాకే అమ్మకానికి తీయి. గింజ పంటికింద ఫట్‌మనాలి.

సోమవారం వస్తున్నాను. బోరు ఆగకుండా ఎంతసేపు పోస్తుందో నా కళ్లతో చూస్తాను. అప్పటిదాకా విత్తనం కొనకు.

మీ అత్త