980 ప్రతులే వేశారు సరే, కొనేవాళ్లు ఎంతమంది?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, మ్యూనిక్‌లో ఐటీ ఉద్యోగం. మధ్యయుగాల నాటి బొమ్మల రాతప్రతులంటే చాలా ఇష్టం. ఐదు రోజుల కిందట ఒక సేల్స్ ప్రతినిధి ఇంటికొచ్చి ఫ్రెంచ్ ప్రార్థన గ్రంథం ఒకదాని ఫ్యాక్సిమిలీ, అంటే అసలుకు అచ్చుగుద్దినట్టుండే నకలు, చూపించారు. 980 ప్రతులే వేశారట, అసలు బంగారం వాడారట. ధర 7,800 యూరోలు. అప్పు ఇప్పించి, నెలకు 240 చొప్పున 36 వాయిదాలు కట్టమన్నారు. పదేళ్లలో రెట్టింపు అవుతుంది, పాప చదువుకు పనికొస్తుందంటే సంతకం పెట్టేశాను. పుస్తకం ఇంకా రాలేదు. విజయవాడ ఫ్లాట్ లోన్ నడుస్తోంది. చేతిలో రెండు నెలల ఖర్చులకే డబ్బుంది. ఇది మంచి పెట్టుబడేనా?

జవాబు: కాదు. ముందు టెన్షన్ పక్కన పెట్టండి, మీకు ఇంకా టైముంది. ఇంటికొచ్చి చేయించుకున్న ఇలాంటి కొనుగోలును 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు యూరోపియన్ యూనియన్ అంతటా ఉంది. కారణం చెప్పనక్కర్లేదు. వస్తువుకైతే ఆ గడువు అది చేతికందిన రోజు నుంచి లెక్క. అప్పుకు మాత్రం మామూలుగా సంతకం నుంచే మొదలవుతుంది, అందుకని ఆగకండి. ఈరోజే ఈమెయిల్ పెట్టి, రిజిస్టర్డ్ పోస్ట్ కూడా చేయండి. అప్పిచ్చేది వేరే బ్యాంకైతే వాళ్లకూ రాయండి. ఫోన్ చేసి ఊరుకోవద్దు. రుజువు ఉండదు, పైగా మళ్లీ ఆ ప్రతినిధి మాటల్లో పడతారు.

ఇక బంగారం సంగతి. బంగారు రేకు మందం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు ఉంటుంది. ఒక చదరపు మీటరు నిండా పరిచినా రెండు గ్రాములు రాదు. మీ పుస్తకంలో బంగారం ఉన్నది పేజీల్లో అక్కడక్కడే కదా!

980 అంకె కూడా అంతే. ధర పెరగాలంటే వాటి కోసం 981వ మనిషి ఎదురుచూస్తూ ఉండాలి. మీరు ఇచ్చే 7,800లో ఫొటోగ్రఫీ ఖర్చు, గ్రంథాన్ని వివరిస్తూ దానితోపాటు ఇచ్చే వ్యాఖ్యాన సంపుటం, ప్రతినిధి కమీషన్ అన్నీ ఉన్నాయి. రేపు మీ దగ్గర కొనేవాళ్లు ఆ కమీషన్ ఇవ్వరు. పాత పుస్తకాల సైట్లలో ఇదే శీర్షిక వెతికి చూడండి. అడిగే ధర కాదు, వేలంలో నిజంగా పలికిన ధర చూడండి. జర్మనీలో ఏడాది దాటాక అమ్మితే లాభంపై మామూలుగా పన్ను ఉండదు, కానీ ముందు లాభం రావాలి. వాయిదాల మీద 840 యూరోలు అదనంగా కడుతున్నారు కూడా. ఫ్రాన్స్‌లో అరిస్టోఫిల్ అనే కంపెనీ అసలు రాతప్రతుల్లోనే వాటాలు అమ్మి 2015లో కుప్పకూలింది. సుమారు 18,000 మంది మదుపర్లు చిక్కుకున్నారు. అసలు ప్రతులకే ఆ గతి పడితే, మీది నకలు ప్రతి.

అలాగని మిమ్మల్ని ఈ పుస్తకాలకు దూరం చేయడం నాకు ఇష్టం లేదు. బుక్ ఆఫ్ కెల్స్ అని మధ్యయుగాల నాటి బొమ్మల సువార్త గ్రంథం ఒకటి ఐర్లండ్‌లో ఉంది. 1990లో 1,480 ప్రతులుగా వచ్చిన దాని ఫ్యాక్సిమిలీలో అసలు గ్రంథపు తోలు పేజీల మీదున్న చిల్లులను కూడా అలాగే కత్తిరించి పెట్టారు. క్రీస్తు పేరు అక్షరాలు అల్లిన పేజీ అడుగున రొట్టె ముక్క కొరుకుతున్న ఎలుకలు, వాటినే చూస్తున్న పిల్లులు కనిపిస్తాయి. అలాంటి పేజీ తిప్పడంలోని ఆనందానికి డబ్బు పెట్టండి, తప్పు లేదు. అది ఖర్చు అని తెలిసి పెట్టండి, అప్పు మాత్రం చేయకండి.

నెలకు ఆ 240లో 180 అత్యవసర నిధికి వేయండి. ఆరు నెలల ఖర్చులు జమయ్యాక దాన్ని పాప చదువు కోసం ఇండెక్స్ ఫండ్‌కు (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్) మళ్లించండి. మిగతా 60 పుస్తకాల ఖాతాకు. మూడేళ్లకు 2,160 అవుతుంది. ఈలోగా మీ ఊళ్లోనే బవేరియా స్టేట్ లైబ్రరీ ఉంది, రీడర్ కార్డు తీసుకోండి. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ కెల్స్ మొత్తాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. కొన్ని పేజీలతో వచ్చే నమూనా ఫోల్డర్లు కూడా పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టండి. పూర్తి ప్రతి కొనే రోజు వస్తే వ్యాఖ్యాన సంపుటం, పెట్టె, ప్రతి నంబరున్న సర్టిఫికెట్ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కటి లేకపోయినా ధర తగ్గించమని అడగండి.