బోడ్మాస్ కంఠతా వచ్చినా ఘాతాంకాల లెక్కలు ఎందుకు తప్పుతాయి?

"మా అబ్బాయి ఏడో తరగతి. బోడ్మాస్ నియమం గడగడా అప్పజెప్తాడు, కానీ 2 × 3² ఎంత అంటే 36 అంటాడు. ఎలా నేర్పాలి?" అని ఒకరు అడిగారు. బోడ్మాస్ అంటే ముందు బ్రాకెట్లు, తర్వాత 'ఓ', ఆపై భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత అన్న వరుసను గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో కట్టిన మాట. హనుమకొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై ఏళ్లకు పైగా గణితం చెబుతున్నాను. నా అనుభవంలో ఈ తప్పు నియమం రాక జరిగేది కాదు, పైన ఉన్న ఆ చిన్న 2, అంటే ఘాతాంకం, దేనికి చెందిందో తెలియక జరిగేది. నియమాన్ని ఇంకో వందసార్లు అప్పజెప్పించుకున్నా ఆ 36 పోదు.

కొన్నేళ్ల కింద మా తరగతిలోనూ ఇదే లెక్క బోర్డు మీద రాశాను. ఎక్కాల్లో తిరుగులేని ఒక పిల్లవాడు అందరికంటే ముందు లేచి, "రెండు మూళ్ళ ఆరు, ఆరార్ల ముప్పై ఆరు, గంతే గద సార్" అన్నాడు. సగానికి పైగా పిల్లలు ఔనన్నట్టు తలలూపారు. తప్పని చెప్పి, 18 అని రాసి ముందుకు పోవడం నాకు మనసొప్పలేదు. మా గదిది షాబాదు బండల నేల. బెంచీలన్నీ గోడ పక్కకు జరిపించి, సుద్దముక్క వాడి చేతికే ఇచ్చి, మూడు బండల పొడవు, మూడు బండల వెడల్పు ఉన్న చతురస్రం గీయమన్నాను. లోపల 9 బండలు వచ్చాయి, అది 3². పక్కనే అలాంటిది మరొకటి గీయిస్తే రెండూ కలిపి 18 అయ్యాయి. ఆ తర్వాత భుజమే 2 × 3, అంటే ఆరు బండలుండే ఒక్క చతురస్రం గీయించాను. వాడు వరుస వరుసా లెక్కపెట్టి 36 దగ్గర ఆగి, ముందు గీసిన వాటి వైపు కాసేపు చూసి, "సార్, ఇండ్ల అసొంటియి నాలుగు పడుతయి, మనకు రెండే గద గావాల్సింది" అన్నాడు. ఆ పెద్ద చతురస్రానికి (2 × 3)² అని బ్రాకెట్ పెట్టి రాయాలని నేను చెప్పకముందే వెనుక నుంచి ఒకరు చెప్పారు.

అదే ఊపులో (3 + 4)² కూడా నేల మీదికే తెచ్చాను, ఎందుకంటే 9 + 16 = 25 అని రాయని తరగతిని నేను ఇంతవరకు చూడలేదు. ఏడు బండల భుజంతో చతురస్రం గీసి, ఒక మూల 9, ఎదురు మూల 16 బండలకు గీతలు పెట్టాక, "మిగిలిన బండలు ఎవరియి సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. లెక్కపెడితే 12 బండల ముక్కలు రెండు, మొత్తం 24. మరుసటి ఏడాది ఎనిమిదో తరగతిలో రెండు పదాల మొత్తానికి వర్గం సూత్రం చెప్పినప్పుడు, మధ్యలో ఉండే రెండింతల లబ్ధం ఎక్కడిదని ఆ పిల్లల్లో ఒక్కరూ అడగలేదు.

బోడ్మాస్ మీద నాకున్న అభ్యంతరం ఇక్కడే చెప్పాలి. అందులోని 'ఓ' అక్షరాన్ని మన బడుల్లో చాలామంది 'ఆఫ్' అని, అంటే 20లో సగం వంటి లెక్కల కోసమని చెబుతారు. వేరే చోట్ల దాన్నే 'ఆర్డర్స్', అంటే ఘాతాంకాలు అని నేర్పుతారు. 'ఆఫ్' అని నేర్చుకున్న పిల్లవాడి నియమంలో ఘాతాంకానికి చోటే లేదు, ఇక వాడిని తప్పుపట్టి ఏం లాభం? పైగా 'ఏ' ముందు, 'ఎస్' తర్వాత ఉండడంతో 20 − 8 + 5 లో ముందు కూడిక చేసి 7 అంటారు. కూడికకు, తీసివేతకు సమాన హోదా ఉందని, ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోతే 17 వస్తుందని ఆ అక్షరాల్లో ఎక్కడా లేదు. 2019లో లోకమంతా తిరిగిన 8 ÷ 2(2 + 2) వంటి లెక్కలను వాట్సాప్‌లో పంపి పిల్లలను పరీక్షించే పెద్దలను కూడా నేను వద్దని వేడుకుంటాను. 16 అని కొందరు, 1 అని కొందరు కొట్లాడుకోవడానికి కారణం రాసినవారు ఇంకో బ్రాకెట్ పెట్టకపోవడమే.

రుణ గుర్తు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. −3² అంటే −9, (−3)² అంటే 9. బ్రాకెట్ లేనప్పుడు ఘాతాంకం 3కే చెందుతుంది, గుర్తుకు చెందదు. అయితే ఎక్సెల్‌లో సమాన గుర్తు పెట్టి -3^2 అని కొడితే 9 వస్తుంది. అది ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న పద్ధతి మాత్రమేనని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. చింతగింజలు తీసుకుని, ఐదు విడిగా, పక్కన తొమ్మిదేసి గింజల చతురస్రాలు రెండు పేర్చి, జవాబు అడగకుండా, దీనికి సరిపోయే సంఖ్యా సమాసాన్ని రాయమనండి. 5 + 2 × 3² అని రాసి 23 అన్న తర్వాత, (5 + 2) × 3² కు ఎన్ని గింజలు కావాలో వాడినే పేర్చి చూపించమనండి. 63 గింజలు పడతాయి కాబట్టి కాస్త ఎక్కువే దగ్గర పెట్టుకోండి.