పంపు బ్యాటరీ బయట మార్పిస్తే వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మాది విజయనగరం. సెలవు రోజుల్లో తాటిపూడి రిజర్వాయర్ వైపు గాలి పడవ తీసుకెళ్లి గాలాలు వేయడం నాకు అలవాటు. పడవకు గాలి కొట్టడానికి, లోపలే బ్యాటరీ ఉండే ఎలక్ట్రిక్ పంపు ఆన్‌లైన్‌లో 9,800 రూపాయలకు కొన్నాను. రెండేళ్ల వారంటీ అని బాక్సు మీదే ఉంది. కొత్తలో ఒక్క ఛార్జింగ్‌తో రెండు పడవలు నిండేవి. 20వ నెల వచ్చేసరికి ఒకటి కూడా నిండకుండానే ఆగిపోయేది. కంపెనీకి ఫోన్ చేస్తే ‘బ్యాటరీ అరిగిపోయే వస్తువు, వారంటీలోకి రాదు, విడిగా అమ్మం, కొత్త పంపు కొనుక్కోండి’ అన్నారు. ఊళ్లో బ్యాటరీ ప్యాకులు కట్టే షాపులో 1,600 ఇచ్చి కొత్తది వేయించాను. బాగానే పనిచేసింది. రెండు నెలల తర్వాత, మనం పెట్టిన ప్రెషర్ రాగానే ఆగాల్సిన పంపు ఆగడం మానేసింది. ఈసారి ‘సీల్ స్టిక్కర్ చిరిగింది, బయట విప్పించారు, వారంటీ రద్దు’ అని మెయిల్ పెట్టారు. అప్పుడప్పుడు తెలిసినవాళ్లకు పడవ, పంపు అద్దెకు ఇస్తుంటాను కాబట్టి నేను వినియోగదారుణ్ణే కాదని కూడా రాశారు. ఇదంతా నిజమేనా? పాత బ్యాటరీ ఇంట్లోనే ఉంది, దాన్నేం చేయాలి?

జవాబు: ముందుగా ఒక మాట. ప్రెషర్ దగ్గర ఆగని పంపును ఈ గొడవ తేలేదాకా పడవకు తగిలించకండి. మామూలు గాలి పడవల గొట్టాలకు 0.2 నుంచి 0.25 బార్ దాకానే గాలి కొట్టమంటారు. అది దాటితే అతుకులు విడిపోతాయి. పాడైందని తెలిసీ వాడారని తేలితే, పడవకు జరిగిన నష్టం మీ ఖాతాలోనే పడుతుంది.

ఇక అసలు విషయం. మీ ప్రశ్నలో రెండు వేరు వేరు ఫిర్యాదులు కలిసిపోయాయి. బ్యాటరీ నీరసించడం ఒకటి, ప్రెషర్ కటాఫ్, అంటే పెట్టిన ప్రెషర్ రాగానే పంపును ఆపే ఏర్పాటు, పనిచేయకపోవడం ఇంకొకటి. కంపెనీ కూడా వాటిని కలిపేసే మాట్లాడుతోంది, ఎందుకంటే అలా కలిపితే వాళ్లకే లాభం. మీరు విడదీయండి.

లిథియం బ్యాటరీ కాలంతో పాటు శక్తి కోల్పోవడం సహజం. ఫుల్ ఛార్జింగ్‌లో పెట్టి, ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే ఇంకా తొందరగా పోతుంది. అందుకని ‘బ్యాటరీ తగ్గింది’ అన్నంత మాత్రాన అది చట్టం చెప్పే లోపం అయిపోదు. కానీ ‘రెండేళ్ల వారంటీ’ అని పెద్ద అక్షరాల్లో వేసి, బ్యాటరీకి మాత్రం వర్తించదన్న సంగతి మీరు కొనే ముందు ఎక్కడా చెప్పకపోతే కథ వేరు. వారంటీ కార్డులోనో, కొన్న పేజీలోనో బ్యాటరీకి విడిగా ఆరు నెలలనో ఏడాదనో ఉందేమో చూడండి. స్పష్టంగా ఉంటే ఆ 1,600 సంగతి మరిచిపోండి, వినియోగదారుల కమిషన్ (వినియోగదారుల కోర్టు) మీ కోసం ఒప్పందాన్ని తిరగరాయదు. లేకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం దాన్ని తప్పుదోవ పట్టించే అనుచిత వ్యాపార విధానమని వాదించవచ్చు. బాక్సు, కార్డు, ఆర్డర్ పేజీ అన్నిటికీ ఫోటోలు, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. ఆన్‌లైన్ పేజీలు రేపటికి మారిపోతుంటాయి.

బ్యాటరీ విడిగా అమ్మి తీరాలని కంపెనీని బలవంతపెట్టగలరా? దురదృష్టవశాత్తు, ఆ హక్కును నేరుగా ఇచ్చే చట్టం మన దేశంలో ఇంకా లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేర్ హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్ 24న ఒక పోర్టల్ కూడా తెరిచింది. కంపెనీలు విడిభాగాలు, సర్వీసు వివరాలు అందులో పెట్టవచ్చు. పెట్టకపోతే శిక్ష లేదు. యూరప్‌లో మాత్రం 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి చిన్న పరికరాల్లో బ్యాటరీని మార్చుకునే వీలు ఉండాలని నిబంధన తెచ్చారు. నీళ్ల దగ్గర వాడే వస్తువులకు అందులోనూ కొంత సడలింపు ఉంది. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా బ్యాటరీ కోసం కోర్టుకెక్కమని నేను చెప్పను.

మీకు బలం ఉన్నది రెండో ఫిర్యాదులో. స్టిక్కర్ చిరిగిందన్న ఒక్క కారణంతో వారంటీ అంతా రద్దు అనడం నిలబడే వాదన కాదని నా అభిప్రాయం. మార్కెట్లో పోటీని కంపెనీలు దెబ్బతీయకుండా చూసే పోటీ కమిషన్, అంటే సీసీఐ, 2014 ఆగస్టులో కార్ల విడిభాగాల కేసులో 14 కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను బహిరంగ మార్కెట్లో దొరకనివ్వడం లేదన్నది ఆ కేసులో ప్రధాన ఆరోపణ. ఆ ఉత్తర్వులోనే, బయటి మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని గంపగుత్తగా షరతు పెట్టకూడదని ఆదేశించింది. బయట చేసిన పని సరిగా లేక ఏ మేరకు నష్టం జరిగిందో ఆ మేరకే వారంటీ నిరాకరించవచ్చంది. జరిమానా లెక్క తర్వాత అప్పీలులో మారింది. పైగా అది కార్ల గురించి, పోటీ చట్టం కింద వచ్చిన ఉత్తర్వు. వినియోగదారుల కమిషన్ దానికి కట్టుబడి తీరాల్సిన పని లేదు. అయినా అందులోని తర్కం మీ పంపుకూ సరిపోతుంది, ఫిర్యాదులో తప్పక ప్రస్తావించండి.

ఆ తర్కం ఒకటే: బ్యాటరీ మార్చడం వల్లే ప్రెషర్ కటాఫ్ చెడిందా? ఈ ప్రశ్నకు మీ దగ్గరున్న జవాబును బట్టే కేసు నిలుస్తుంది.

ఇలాంటి రీచార్జబుల్ పంపులు కొన్నిటిలో మూడు లిథియం సెల్స్ వరుసగా కట్టిన 11.1 వోల్టుల ప్యాక్, దాన్ని కాపాడే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. మీ షాపు అతను పాత దానికి సరిగ్గా అదే వోల్టేజీ, అంతే కెపాసిటీ, బోర్డుతో సహా వేసి ఉంటే, వేరే చోట ఉండే ప్రెషర్ సెన్సర్ చెడడానికీ ఆ పనికీ సంబంధం ఉందని కంపెనీ చూపించాల్సి వస్తుంది. అలా కాకుండా ‘ఇంకా బలంగా ఉంటుంది సార్’ అని నాలుగు సెల్స్ కలిపి 14.8 వోల్టులది కట్టి ఉంటే, కంట్రోల్ బోర్డు దెబ్బతినడానికి అదే కారణం కావచ్చు. అలాగైతే ఈ కేసు మీద టైమ్, డబ్బు పెట్టొద్దు. ఈ సంగతి లాయరు దగ్గరికి వెళ్లే ముందే షాపు అతన్ని అడిగి తెలుసుకోవాలి. అతని దగ్గర బిల్లు తీసుకోండి. అందులో తేదీ, వోల్టేజీ, కెపాసిటీ, సెల్స్ సంఖ్య, ‘బ్యాటరీ తప్ప వేరే భాగం ముట్టుకోలేదు’ అన్న మాట రాయించండి. పాత ప్యాక్ మీ దగ్గరే ఉందన్నారు, అది మంచి సాక్ష్యం. రెండు ప్యాకుల మీద ఉన్న అంకెలు కనబడేలా పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి.

మొదటిసారి కంపెనీ చెప్పిందంతా ఫోన్లోనే కదా, అది మీ బలహీనత. ఇప్పుడే సరిచేసుకోండి. ‘ఫలానా తేదీన మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను, బ్యాటరీకి వారంటీ లేదని, విడిగా అమ్మబోమని చెప్పారు, అందుకే బయట వేయించాల్సి వచ్చింది’ అని మెయిల్ పెట్టండి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ జత చేయండి. వాళ్లు కాదనకపోతే ఆ మౌనం మీకే ఉపయోగపడుతుంది. దారి మూసేసిందీ వాళ్లే, పక్కదారి పట్టావని తప్పుపడుతున్నదీ వాళ్లే. కమిషన్ ముందు మీ కథలో గట్టిగా చెప్పాల్సింది ఇదే.

అద్దె సంగతికి వద్దాం. అమ్మకం కోసమో వ్యాపారం కోసమో కొన్నవాళ్లు ఈ చట్టం కింద వినియోగదారులు కారన్నది నిజమే. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నది వ్యాపారం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో దీన్ని విడమరిచి చెప్పింది. తానే నడుపుకోవడానికి టాక్సీ కొన్నవాడు వినియోగదారుడే. 2019లో లీలావతి ట్రస్టు కేసులో, కొన్నప్పటి ముఖ్య ఉద్దేశం ఏమిటో చూడాలంది. మీరు సరదా చేపల వేట కోసం కొన్నారు, ఎప్పుడో ఒకసారి తెలిసినవాళ్లకు ఇచ్చారు. ముఖ్య ఉద్దేశం వ్యాపారం అనడం కష్టం. కానీ సోషల్ మీడియాలో ‘పడవలు అద్దెకు ఇవ్వబడును’ అని పోస్టులు పెట్టి ఉంటే కంపెనీ లాయరు వాటినే ముందు పెడతాడు, అది గుర్తుంచుకోండి. డబ్బు తీసుకుని జనాన్ని రిజర్వాయర్‌లోకి పంపడానికి అనుమతుల గొడవ వేరే ఉంది. ఇక్కడ దాని జోలికి వెళ్లను, మీరూ వెళ్లకపోతే మంచిది.

ఇప్పుడు చేయాల్సిన పని. అమ్మిన వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా తేల్చాలి. దాంతో పాటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించుకోండి. ఇంత చిన్న మొత్తాల గొడవలు కోర్టుదాకా పోకుండా అక్కడే సర్దుకునే అవకాశం ఉంటుంది. కోర్టు ఖర్చుల కన్నా కొత్త పంపు ఇవ్వడమే కంపెనీకి చౌక.

అక్కడ పని కాకపోతే విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉండే చోట వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. వారంటీ రద్దన్న మెయిల్ వచ్చిన తేదీ నుంచి లెక్కేసుకోండి. మీరు కొన్న వెబ్‌సైట్, అందులో అమ్మిన విక్రేత, బాక్సు మీద పేరున్న కంపెనీ లేదా దిగుమతిదారు, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరిని వదిలేస్తే మిగతావాళ్లు తప్పంతా అతని మీదకే తోస్తారు.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. వారంటీ షరతే అన్యాయమైన ఒప్పందమని ప్రధానంగా వాదిస్తే, అలాంటి ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు ఉంది. 9,800 రూపాయల పంపు కోసం అంత దూరం తిరగలేరు. వస్తువులో లోపం, సేవలో లోపం, అనుచిత వ్యాపార విధానం అన్న మూడింటి మీదే ఫిర్యాదు నడపండి. ల్యాబ్ పరీక్ష కావాలని అడిగితే ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు, కేసూ సాగుతుంది. మామూలుగా మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో ముగించాలని చట్టం అంటుంది. నిజానికి ఎక్కువే పడుతుంది. అందుకే ఎలక్ట్రానిక్స్ తెలిసిన మరో టెక్నీషియన్‌కు పంపు చూపించి, సెన్సర్ పోయిందో బోర్డు పోయిందో అఫిడవిట్ ఇప్పించండి. రిపేరు లేదా మార్పిడి, అదీ కుదరకపోతే డబ్బు వాపసు, ఖర్చుల కింద కొద్ది మొత్తం అడగండి. మానసిక క్షోభకు లక్షలు అడిగితే అసలు విషయం పలచబడుతుంది.

ఒకటి మీరు అడగలేదు గానీ చెప్పాలి. విసుగొచ్చి ఈ పంపును వేరేవాళ్లకు అమ్మేస్తే, బ్యాటరీ బయట మార్పించిన సంగతి రాతలో చెప్పి అమ్మండి. రేపు అది కాలి ఎవరికైనా గాయమైతే, మార్పులు చేసిన వస్తువని చూపి మొదట అమ్మినవాళ్లు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 87 కింద తప్పుకోవచ్చు. అప్పుడు చూపు మీ వైపు, ప్యాక్ కట్టిన షాపు వైపు తిరుగుతుంది.

పాత బ్యాటరీని కేసు తేలేదాకా పారేయకండి. రెండు కొనల మీద ఇన్సులేషన్ టేపు అంటించి, వంటింటికి, ఎండకు దూరంగా, ఏదైనా లోహపు డబ్బాలో పెట్టండి. ఉబ్బి ఉంటే మాత్రం ఉంచొద్దు. ఫోటోలు తీసి, తీసుకున్నట్టు రసీదు తీసుకుని సేకరణ కేంద్రానికి ఇచ్చేయండి. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 ప్రకారం వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా సేకరించేవాళ్లకో రీసైక్లింగ్ చేసేవాళ్లకో అప్పగించడం మన బాధ్యత. వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత బ్యాటరీలను మార్కెట్లోకి తెచ్చిన కంపెనీది. కాబట్టి మీ తదుపరి మెయిల్‌లో, పాత ప్యాక్ ఎక్కడ అప్పగించాలో కూడా అడగండి. దానికి వాళ్లు జవాబు ఇవ్వకపోతే ఆ మెయిల్ కాపీని కూడా ఫిర్యాదుకు జత చేయండి.